టర్నికెట్ కట్టకముందే వేలు ఆనించండి

నర్సింగ్‌లో, మెడిసిన్‌లో కొత్తగా చేరిన చిరంజీవులకు ఆశీస్సులు.

"నరం దొరకలేదా సిస్టర్?" అని పేషెంట్లు అడుగుతుంటారు. వాళ్లు నరం అనేది సిరని. మీరు గుచ్చబోయేది నిజంగా సిరేనా అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి.

పుస్తకంలో బొమ్మ ప్రకారం మోచేతి మడతకు కాస్త కింద బ్రేకియల్ ధమని (పైచేతిలోని ముఖ్య ధమని) రెండుగా చీలుతుంది. బొటనవేలి వైపు రేడియల్, చిటికెనవేలి వైపు అల్నార్. కొందరిలో ఆ చీలిక చంక దగ్గరే అయిపోతుంది. అలాంటప్పుడు కండరాల అడుగున పోవాల్సిన అల్నార్ ఒక్కోసారి వాటి మీదుగా, చర్మం కిందే వస్తుంది. సరిగ్గా మీరు సెలైన్ పెట్టే చోటికే!

అందుకే ముందు వేలు ఆనించి చూడండి, కొట్టుకుంటే వదిలేయండి. టర్నికెట్ (చేతికి కట్టే పట్టీ) బిగించాక చూస్తే ధమనిలోనూ నాడి ఆగి, సిరలాగే తోస్తుంది. క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పొరపాటున ధమనిలోకి పోతే ఎర్రటి రక్తం సెలైన్ ట్యూబులోకి ఎగదన్నుతుంది. బీపీ బాగా పడిపోయినవాళ్లలో ఈ గుర్తును నమ్మలేం. మందు ఎక్కిస్తుండగా వేళ్ల దాకా మంట పాకినా, వేళ్లు పాలిపోయినా వెంటనే మందు ఆపండి. క్యాన్యులా మాత్రం పీకేయకండి, విరుగుడు మందు ఇవ్వాల్సింది దాంట్లోంచే కావచ్చు. సీనియర్‌ని పిలవండి. ఆలస్యమైతే ధమని బిగుసుకుపోయి, రక్తం గడ్డకట్టి, వేళ్లు కుళ్లే దాకా పోవచ్చు.

గుండె దగ్గరా ఇలాంటి తేడాలున్నాయి. నూటికి సుమారు ఒకరిలో కుడిచేతికి పోయే సబ్‌క్లేవియన్ ధమని బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) వంపు నుంచి అన్నిటికన్నా చివర, ఎడమవైపున పుట్టి, ఎక్కువగా అన్నవాహిక వెనక నుంచి కుడికి దాటుతుంది. గర్భంలో ఉండగా రక్తనాళంలో మిగలాల్సిన ముక్క కరిగిపోయి, కరగాల్సింది మిగలడమే కారణం. చాలామందికి జీవితాంతం ఆ సంగతే తెలియదు. కొందరికి మాత్రం ముద్ద దిగడం కష్టమవుతుంది.

ఈ తేడా ఉన్నవాళ్లలో కుడివైపు స్వరపేటిక నరం (ఇది నిజం నరమే) అందరిలోలా ఛాతీ దాకా దిగి పైకి తిరిగి రావడం ఉండదు, మెడలోనే అడ్డంగా పోతుంది. థైరాయిడ్ ఆపరేషన్‌లో దాన్ని మామూలు చోట వెతికితే దొరకదు. ఏదో చిన్న రక్తనాళం అనుకుని కోస్తే గొంతు బొంగురుపోతుంది.

కుడి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేసేటప్పుడు కూడా ధమనిలోకి దూర్చిన వైరు గుండె వైపు తిరగకుండా మాటిమాటికీ కిందికి దిగే బృహద్ధమనిలోకే జారుతుంటే, ఈ సబ్‌క్లేవియన్ తేడానే అనుమానించాలి. పేషెంటును గట్టిగా ఊపిరి పీల్చమంటే ఒక్కోసారి దారికొస్తుంది. రాకపోతే మొండికేయకుండా ఎడమ మణికట్టుకు మారడం మేలు.

మీ తాతయ్య