గురువుగారి ముందు నాయన

చిరంజీవులు పెద్దోడికి, చిట్టికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్‌లో చిట్టి ఒక ప్రశ్న అడిగింది. "అమ్మమ్మా, గురువుగారు ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వెయ్యకుండా వినాలట కదా, మా క్లాసులో అన్నారు. నాకు డౌట్ వస్తే అది పాపమా?" అని. నేను వెంటనే "కాదమ్మా" అన్నాను. ఈలోపు కరెంటు పోయింది, మాట మధ్యలో ఆగింది. రాత్రంతా అదే మనసులో తిరిగింది. ఒక్క ముక్కలో తేల్చేసే సంగతి కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను. పెద్దోడా, నువ్వు కూడా చదువు. ఇలాంటివి నాకెందుకులే అని పక్కన పెట్టకు.

మీకు ఒక గురుశిష్యుల గురించి చెబుతాను. శిష్యుడు మన తెలుగువాడే. బొబ్బిలి దగ్గర కలువరాయి అనే ఊళ్ళో 1878లో పుట్టారు. పేరు అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి. చిన్నప్పుడే సంస్కృతం ఆయన నాలుక మీద ఆడేది. 1900లో బెంగాల్‌లోని నవద్వీపంలో పెద్ద పెద్ద పండితులు కూర్చుని పరీక్ష పెడితే, ఏది అడిగితే దాని మీద అక్కడికక్కడే శ్లోకాలు చెప్పి 'కావ్యకంఠ' అనే బిరుదు తెచ్చుకున్నారు. అప్పటికి ఆయనకి ఇంకా 22 ఏళ్ళు నిండలేదు. దానికి తోడు విపరీతమైన జపం. ఒక్కో క్షేత్రంలో రోజుల తరబడి కూర్చుని మంత్రం చేసేవారు. వెంట శిష్యులు కూడా ఉండేవారు. అంటే ఆయనే ఒక గురువు.

అంత చదువూ అంత జపమూ ఉండి, ఆయన లోపల ఏదో వెలితి. తపస్సు అనే మాట పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివారు. ఆ పని ఏళ్ళ తరబడి చేశారు. కానీ తపస్సంటే అసలు ఏమిటో తనకి తెలియదని ఆయనకి తెలిసింది. ఈ సంగతి ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. మీకు ప్రహ్లాదుడి పద్యం వచ్చు కదా, "చదివించిరి నను గురువులు" అని మొదలయ్యేది. అందులో "చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ" అంటాడు ఆ పిల్లవాడు. కావ్యకంఠులు చదువులన్నీ చదివారు, ఆ మర్మం ఒక్కటే చేతికి అందలేదు.

1907 నవంబరు 18. తిరువణ్ణామలైలో కార్తీక దీపోత్సవాల రోజులు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మండే ఎండలో ఆయన ఒక్కరే అరుణాచలం కొండెక్కి విరూపాక్ష గుహకి వెళ్ళారు. అక్కడ ఒక యువకుడు ఉండేవాడు. ఊరివాళ్ళు బ్రాహ్మణస్వామి అనేవారు. పదహారేళ్ళ వయసులో మదురైలో ఇల్లు విడిచి 1896లో ఆ కొండ దగ్గరికి వచ్చి మళ్ళీ వెనక్కి పోలేదు. ఎక్కువగా మౌనంగానే ఉండేవాడు. ఆ రోజు బయట అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. కావ్యకంఠులకి 29 ఏళ్ళు, ఈ స్వామికి ఇంకా 28 నిండలేదు. చదువు చూస్తే ఇటు కావ్యకంఠ బిరుదు, అటు మధ్యలో ఆగిన స్కూలు చదువు.

కావ్యకంఠులు వెళ్ళి నేల మీద సాగిలపడి, రెండు చేతులతో ఆ స్వామి పాదాలు పట్టుకున్నారు. గొంతు వణికిపోతోందట. చదవవలసినదంతా చదివాను, వేదాంతం అర్థం చేసుకున్నాను, మనసారా జపం చేశాను, అయినా తపస్సంటే ఏమిటో ఇంతవరకూ తెలియలేదు, అది చెప్పమని మీ పాదాలు ఆశ్రయించాను అన్నారు.

స్వామి వెంటనే ఏమీ అనలేదు. పావుగంట సేపు ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ పావుగంట గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. తల మీద ఎండ, కింద కాలే బండ, చేతుల్లో గురువు పాదాలు, జవాబు లేదు. మన ఫోన్లో మెసేజ్ కి రెండు నిమిషాలు రిప్లై రాకపోతే మనకి ఎంత టెన్షన్! తర్వాత స్వామి మెల్లగా తమిళంలో రెండు మాటలు చెప్పారు. వాటి సారం ఇది: 'నేను, నేను' అంటున్నది ఎక్కడి నుంచి పుడుతోందో దాన్నే గమనిస్తూ ఉంటే మనసు అక్కడే లీనమైపోతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తున్నప్పుడు ఆ ధ్వని ఎక్కడి నుంచి పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమైపోతుంది, అదే తపస్సు.

అంతే. నా దగ్గర ఉండిపో అనలేదు. దీక్ష ఇవ్వలేదు, కొత్త మంత్రం చెవిలో ఊదలేదు. జపమే నీ దారి అయితే ఆ జపంలోనే వెనక్కి తిరిగి చూడు అన్నారు. శిష్యుడి చేతిలో ఉన్న పనిముట్టునే తీసుకుని, దాన్ని ఎటు తిప్పాలో చూపించారు.

మీకు ఇది కష్టంగా అనిపిస్తే ఒక పని చెయ్యండి. అద్దం ముందు నిలబడి "ఎవరు?" అని ఎవరో అడిగినట్టు, "నేను" అని చేత్తో చూపించుకోండి. చెయ్యి తల మీదికి పోదు, గుండెల దగ్గరికి పోతుంది. స్వామి ఈ సంగతి తన దగ్గరికి వచ్చినవాళ్ళకి చెబుతుండేవారు. లెక్కలు చేసేది బుర్రే అయినా, నేను అనుకునేటప్పుడు చెయ్యి అక్కడికి ఎందుకు పోయింది? ఈ ప్రశ్నతో కాసేపు కూర్చోండి చాలు.

కావ్యకంఠులు ఆ రోజు స్వామికి సేవ చేసే పళనిస్వామి అనే ఆయన్ని అడిగి స్వామి అసలు పేరు వెంకట్రామన్ అని తెలుసుకున్నారు. అందులోంచి 'రమణ' తీసి, భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పిలవాలి అన్నారు. తనకి గురువు దొరికాడని తన వాళ్ళకీ శిష్యులకీ ఉత్తరాలు రాశారు. ఇవాళ లోకమంతా పిలిచే పేరు మన ఉత్తరాంధ్ర శిష్యుడు పెట్టింది. గురువు శిష్యుడికి పేరు పెట్టడం మామూలు. ఇక్కడ శిష్యుడు గురువుకి పెట్టాడు.

ఇంకొకటి చెబితే మీరు నవ్వుతారు. కావ్యకంఠుల్ని శిష్యులంతా 'నాయన' అని పిలిచేవారు. రమణులు కూడా అలాగే పిలిచేవారు. మన తెలుగులో నాయన అంటే తండ్రి, కొడుకుని ముద్దుగా పిలిచినా "నాయనా" అనే అంటాం. తనకన్నా ఏడాది పెద్దయిన శిష్యుడిని గురువు ఆ మాటతో పిలుస్తుంటే, ఇద్దరిలో పెద్ద ఎవరు, చిన్న ఎవరు అన్న లెక్కే మిగల్లేదు అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు చిట్టి ప్రశ్నకి వస్తాను. నాయన ప్రశ్నలు మానలేదు. 1913 నుంచి 1917 దాకా ఆయనా, మరికొందరూ రమణుల్ని అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు కలిపి నాయన సంస్కృతంలో శ్లోకాలుగా కూర్చారు. అదే రమణగీత. 18 అధ్యాయాలు, 300 శ్లోకాలు. ప్రశ్న అడగకూడదంటే ఆ పుస్తకమే లేదు. భగవద్గీతలో నాలుగో అధ్యాయంలో కృష్ణుడు కూడా అదే అంటాడు, జ్ఞానం తెలుసుకోవాలంటే "ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా" అని. ప్రణిపాతం అంటే నమస్కారం, సేవ అంటే మీకు తెలుసు. ఆ రెండిటి మధ్య పరిప్రశ్న ఉంది చూశారా? పైపైన అడిగి వదిలేది కాదు, అటూ ఇటూ తిప్పి, తేలేదాకా అడిగేది. నమస్కారం లేని ప్రశ్న పోట్లాట అవుతుంది, ప్రశ్న లేని నమస్కారం ఒట్టి అలవాటు అవుతుంది.

పైగా నాయన అన్నిటిలో గురువుతో ఒకటే అభిప్రాయంగా లేరు. ఆయన అమ్మవారి ఉపాసకుడు, మంత్రశక్తి మీద గట్టి నమ్మకం. దేశానికి స్వాతంత్ర్యం రావాలి, అంటరానితనం పోవాలి అని ఊరూరా తిరిగి పనిచేసిన మనిషి. రమణులు తిరువణ్ణామలై వదిలి ఎటూ వెళ్ళరు. నువ్వు అవన్నీ మానేసి నాలాగా కూర్చో అని రమణులు ఆయన్ని పట్టి ఉంచలేదు. నాయన వెళ్ళేవారు, వచ్చేవారు. వచ్చినప్పుడు అదే భక్తి. 1936లో ఖరగ్‌పూర్ దగ్గర నాయన పోయారు. కబురు విని, అలాంటివారు మనకి ఇంకెక్కడ దొరుకుతారు అని రమణులు అన్నారని చెబుతారు.

తైత్తిరీయ ఉపనిషత్తులో చదువు పూర్తయిన శిష్యుణ్ణి ఇంటికి పంపుతూ గురువు చెప్పే మాట ఒకటుంది. "యాన్యస్మాకం సుచరితాని తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి." మాలో మంచి నడవడిక ఏదుందో అది మాత్రమే నువ్వు పాటించు, మిగతావి వద్దు అని. గురువే తన నోటితో అంటున్నాడు. ఎన్ని వందల ఏళ్ళ కిందటి మాటో! నాకు ఇది చదివినప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి.

పిల్లలూ, ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో కూడా రాయాలి. మీ అమ్మకి కూడా ఈ సంగతి పూర్తిగా తెలియదు. మీ తాతయ్యకి కామెర్లు వచ్చి మంచం పట్టిన ఏడాది, మా ఊరికి ఒక స్వామి వచ్చారు. నేను భయంలో ఉన్నాను. ఆయన పూజ చేస్తానన్నారు, ఈ విషయం ఇంట్లో ఎవరితోనూ అనకు, అంటే ఫలితం పోతుంది అన్నారు. నా రెండు గాజులు పట్టుకెళ్ళి ఇచ్చాను. ఎన్నాళ్ళకి తగ్గుతుంది స్వామీ అని ఒక్క మాట అడిగితే, చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తప్పు చేసినదాన్ని చూసినట్టు చూశారు. నోరు మూసుకున్నాను. తాతయ్యకి చివరికి ఆసుపత్రిలోనే తగ్గింది, కానీ నేను చెప్పకుండా ఆలస్యం చేసిన ఆ పది రోజులు ఆయన ఒంటికి బాధ పెట్టాయి. గాజులు పోయినందుకు నాకు ఏడుపు రాలేదు. ఆ పది రోజుల గురించి ఇప్పటికీ వస్తుంది.

అందుకని ఒక్క సంగతి అమ్మమ్మ మాటగా గుర్తుపెట్టుకోండి. ఎంత పెద్దవారైనా సరే, మీ అమ్మకీ నాన్నకీ చెప్పొద్దు అన్నారంటే, ఆ క్షణమే లేచి వచ్చి మాకు చెప్పండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. తర్వాత రోజుల్లో ఆశ్రమంలో రమణులు కూర్చునే హాలు తలుపులు పగలూ రాత్రీ తెరిచే ఉండేవి, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. తనకి మాత్రం అని ప్రత్యేకంగా ఏం తెచ్చినా, పంక్తిలో అందరికీ పెట్టనిదే ఆయన ముట్టేవారు కాదు. తెల్లవారకముందే వంటింట్లోకి వచ్చి అందరితో పాటు కూరలు తరిగేవారు. దాచి చెప్పవలసింది ఆయన దగ్గర ఏముంది?

నేను రెండుసార్లు విరూపాక్ష గుహకి వెళ్ళాను. లోపల చిన్న గది, గాలి రాదు, వెచ్చగా ఉంటుంది. చెప్పులు విప్పి నడిస్తే బండ కాలుతుంది. రెండోసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నమైంది, అరుగు దగ్గర కూర్చుని కిందకి చూశాను. పెద్ద గుడి గోపురాలు, ఊరు, బస్సుల హారన్లు పైదాకా వినిపిస్తున్నాయి. అప్పుడు నాయన పట్టుకున్న పాదాలు ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటాయి అనుకుంటే, నేను తాతయ్య విషయంలో అడగలేకపోయిన ప్రశ్న గుర్తొచ్చింది. చాలాసేపు లేవలేదు.

చిట్టీ, నీ క్లాసులో నీకు వచ్చిన డౌట్ ఏమిటో ముందు నాకు రాయి. తర్వాత మీ గురువుగారికి నమస్కారం పెట్టి, ఆయన్నే అడుగు. ఆయన ఏమన్నారో అది కూడా రాయి. పెద్దోడా, చెల్లి మర్చిపోతే నువ్వు గుర్తు చెయ్యి. సంక్రాంతి సెలవులకి వస్తే ముగ్గురం కలిసి తిరువణ్ణామలై వెళదాం. ఎండ పడకముందే కొండెక్కాలి, మీ చెప్పుల సంచీ నేను పట్టుకుంటాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ