హైతీ రైతు నాటు పందిని ఎందుకు మరిచిపోలేదు

2021 సెప్టెంబరులో కరీబియన్ దేశమైన హైతీలో పందులను చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మళ్లీ బయటపడింది. అంతకు రెండు నెలల ముందే అదే దీవిలో పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్‌లో తేలింది. మనుషులకు సోకని ఈ జబ్బు అంటే హైతీ పల్లెలకు అంత భయం ఎందుకో తెలియాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

హైతీ నాటు పందిని క్రియోల్ పంది అంటారు. నల్లటి ఒళ్లు, చిన్న ఆకారం, మొండి ప్రాణం. 1493లో రెండో ప్రయాణంలో కొలంబస్ ఈ దీవికి పందులను తెచ్చాడు. స్పెయిన్ వాళ్లు దింపిన ఆ పందుల సంతతే తరాల తరబడి ఇక్కడి ఎండకు, అరకొర మేతకు అలవాటుపడింది. రాలిన మామిడి పండ్లు, వంటింటి తొక్కలు, కోతయ్యాక చేలో మిగిలిన దుంపలు, మట్టిలోని పురుగులు... ఏది దొరికితే అది తినేది. దాణా కొనే పని లేదు, పాక వేసే పని లేదు. మన ఊళ్లలో పేదింటికి మేక ఎలాగో అక్కడ పంది అలాగ. బడులు తెరిచే వేళ ఫీజులకు ఒకటి అమ్మేవారు. పెళ్లికైనా, చావుకైనా, ఆస్పత్రికైనా చెయ్యి ముందు దాని మీదికే వెళ్లేది. బ్యాంకు గడప తొక్కని రైతుకు పొదుపంతా అదే. పైగా 1791లో బానిసల తిరుగుబాటుకు ముందు బ్వా కైమాన్ అనే చోట నల్ల పందిని బలిచ్చి ప్రమాణం చేశారని హైతీలో తరతరాలుగా చెప్పుకుంటారు.

1978లో డొమినికన్ రిపబ్లిక్‌లో మొదలైన జబ్బు త్వరలోనే సరిహద్దు దాటింది. టీకా లేదు. సముద్రం దాటి తమ పందుల పరిశ్రమను ముంచుతుందని అమెరికా బెంగపడింది. ఆ బెంగ అకారణం కాదు. కానీ దానికి మూల్యం చెల్లించింది మాత్రం హైతీ పేద రైతు. నియంత జాన్ క్లోద్ డువాలియే ప్రభుత్వంతో కలిసి అమెరికా, కెనడా, మెక్సికో ఒక కార్యక్రమం నడిపాయి. 1982, 83లలో రోగమున్నదా లేదా అని చూడకుండా ఊరూరా పందులన్నిటినీ చంపేశారు. పరిహారం ప్రకటించారు, కానీ చాలామంది చేతికి అందలేదు.

తర్వాత అమెరికాలోని అయోవా నుంచి సీమ పందులను దించారు. వాటికి కొన్న దాణా కావాలి, శుభ్రమైన నీళ్లు, సిమెంటు నేల, పైకప్పు, టీకాలు కావాలి. మనుషులకే మంచినీళ్లు లేని చోట ఇది! జనం వాటికి ‘నాలుగు కాళ్ల యువరాజులు’ అని పేరు పెట్టారు. అవి పేదల పెరట్లో నిలవలేదు. ఫీజు కట్టలేక పిల్లలు బడి మానేశారు. 1986 ఫిబ్రవరిలో డువాలియే దేశం విడిచి పారిపోయేలా చేసిన జనాగ్రహంలో ఈ పందుల వ్యవహారానికి కూడా వాటా ఉంది.

ఆ తర్వాత ఫ్రాన్స్ గాస్కన్ పందిని, చైనా జాతిని, గ్వాదెలూప్ నాటు పందిని కలిపి, పాతదానికి దగ్గరగా ఉండే సంకరజాతిని తయారుచేసి పల్లెలకు ఇచ్చారు. నేడు హైతీలో కనిపించే నల్ల పందుల్లో చాలావాటికి మూలం అదే.

1982లో పదేళ్ల వయసున్నవాళ్లు 2021 నాటికి యాభైకి చేరువయ్యారు. ఇంటి పందిని పట్టుకుపోవడం కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. జబ్బును అడ్డుకోవాలంటే రైతు దాచకుండా వచ్చి చెప్పాలి. అలా చెప్పాలంటే పంది పోతే పరిహారం ఎంత, ఎప్పుడు, ఎవరి చేతికి అన్నది ముందే తేలాలి.