రిటైర్మెంట్ వయసు అయిదు సార్లు మార్చారు, ఆ తర్వాత సంగతి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రిటైర్మెంట్ అంటే రెండే ప్రశ్నలు. ఎప్పుడు, ఎంత. ఆఖరి ఏడాది సర్వీసులో ఉన్న ఏ మాస్టార్ని కదిపినా కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకోవడం) ఎంత పెట్టాలి, గ్రాట్యుటీ ఎప్పుడు పడుతుంది, ఎరియర్ల సంగతేంటి అనే మాట్లాడతారు. సన్మానం అయిపోయిన మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఏం చేస్తారండీ అని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. అది వాళ్ల తప్పని నేననను. ఆ రెండు ప్రశ్నలే ఇన్నేళ్లూ ఎవర్నీ కుదురుగా ఉండనివ్వలేదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1979 అక్టోబరులో రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసు 55 నుంచి 58కి పెరిగింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1983 ఫిబ్రవరిలో, అప్పుడే అధికారంలోకి వచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని మళ్లీ 55కి దించేసింది. ఇంకా మూడేళ్లుంది, ఆలోపు అమ్మాయి పెళ్లి చేసేద్దాం అనుకున్నవాళ్లు ఆ నెలాఖరుకే ఇంట్లో కూర్చున్నారు, అదీ వేలమంది ఒక్కసారిగా. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, తీర్పు వచ్చేలోపే 1984లో వయసు తిరిగి 58 అయింది. విభజన తర్వాత 2014 జూన్‌లో 60, 2022 జనవరి నుంచి 62. చివరి రెండు సార్లూ పెంచిన వెంటనే దాదాపు రెండేళ్లు రిటైర్మెంట్లే లేవు, వెనకాల ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాళ్ల గోల వేరే. ఇన్నిసార్లు తేదీ మారితే, ఆ తేదీ తర్వాత ఏం చెయ్యాలో ఎవరు ఆలోచిస్తారు?

ఇక ఎంత అన్నది. పెన్షన్ దయతో ఇచ్చే ఇనాం కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబర్ 17న నకారా కేసులో గట్టిగా చెప్పింది. ఇప్పటికీ మన పెన్షనర్ల సంఘాలు ఆ తేదీనే పెన్షనర్స్ డే చేసుకుంటాయి. సరిగ్గా ఆ తరానికే ఆ ధీమా దక్కింది. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకి వచ్చింది సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం. జీతంలో పది శాతం మీది, పది శాతం ప్రభుత్వానిది, చివర్లో పోగైన దాంట్లో కనీసం 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా డబ్బిచ్చే బీమా పథకం) కొనుక్కోవాలి, నెలనెలా ఎంత వస్తుందో ముందే చెప్పేవాడు లేడు. 2003 డీఎస్సీ టీచర్ల బాధ మరీ విచిత్రం, నోటిఫికేషన్ పాత పెన్షన్ రోజుల్లో, పోస్టింగ్ సీపీఎస్ రోజుల్లో. 2023లో గ్యారంటీడ్ పెన్షన్ అని చట్టం చేశారు, అయినా ధర్నాలు ఆగలేదు. ఇంత టెన్షన్ పెట్టుకున్న మనిషిని హాబీ ఏంటని అడిగితే తంతాడు.

ఇదంతా సర్కారీ కొలువుల కథ. నెల్లిమర్ల జూట్ మిల్లులోనో గరివిడి ఫెర్రో అల్లాయ్స్‌లోనో పనిచేసినవాళ్ల కథ 1995లో మొదలైన పీఎఫ్ పెన్షన్‌ది. అక్కడ కనీస పెన్షన్ 2014 నుంచీ వెయ్యి రూపాయలే, ఒక్క రూపాయి కదల్లేదు. ఇదే కాలంలో ప్రభుత్వం ఇంటికొచ్చి ఇచ్చే వృద్ధాప్య పింఛను మెట్టుమెట్టుగా పెరిగి 2024లో నాలుగు వేలైంది. ఏళ్ల తరబడి జీతంలో కోత పడ్డవాడికి వెయ్యి, అసలు జీతమే ఎరగని ముసలమ్మకి నాలుగు వేలు. ఆమెకి ఎక్కువైందని కాదు నా ఏడుపు, అతనికి ఆ వెయ్యి ఏ మూలకని. రైతుకీ కూలీకీ అయితే రిటైర్మెంట్ అన్నమాటే లేదు, ఒళ్లు సహకరించినంత కాలం పొలమే. ఆ మాటకొస్తే మాస్టారి భార్యకి కూడా ఏ జీవోలోనూ లేదు, ఆయన రిటైరయ్యాక ఆవిడకి ఇంకో రెండు కాఫీలు పెరుగుతాయి అంతే.

మరి రిటైరయ్యాక ఏం చెయ్యాలి అనే మూడో ప్రశ్న ఇదివరకు ఎందుకు రాలేదంటే, దానికి జవాబు ఇంట్లోనే ఉండేది. 55కి దిగిపోయినాయన ఊళ్లో ఎకరమో అరెకరమో చూసుకునేవాడు, మనవల చేత ఎక్కాలు చెప్పించేవాడు, అప్పట్లో ఆయుర్దాయాలూ ఇంత లేవు. ఇప్పుడు అరవై దాటినవాళ్లు సగటున మరో 18 ఏళ్లు బతుకుతున్నారు, పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, ఇంకా దూరం. వలస మనకి కొత్త కాదు గానీ, ఇదివరకు కూలీల ఇళ్లే ఖాళీ అయ్యేవి, ఇప్పుడు ఉద్యోగస్తుల మేడలూ ఖాళీ.

అలాగని ఈ నేల మీద ఎవరూ దారి చూపించలేదని కాదు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో 30 ఏళ్లు పాఠాలు చెప్పి 1911లో తనంతట తానే ఉద్యోగం మానేశారు. వ్యావహారిక భాష కోసం ఆయన ఊరూరా తిరిగి వాదించింది, పత్రిక నడిపింది, సవర గిరిజనుల భాషకి నిఘంటువులు తెచ్చింది ఆ తర్వాతే. మురపాకలో పుట్టిన కథకుడు కాళీపట్నం రామారావు, మనందరి కారా మాస్టారు, 1979లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, 1997లో, 72 ఏళ్ల వయసులో, శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం తెరిచారు. తెలుగు కథ మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ అక్కడికే వెళ్తారు.

వీళ్లని చూసి దండం పెట్టి వదిలేస్తాం, అసలు విషయం వదిలేస్తాం. గిడుగు సవర నేర్చుకున్నది, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడి పెట్టింది ఉద్యోగంలో ఉండగానే. కారా మాస్టారు కథలు రాసింది, ఇంకొకళ్ల కథలు వెతికి చదివింది బడికి వెళ్తూనే. ఇద్దరూ ఖాళీ దొరికాక పని వెతుక్కోలేదు, ఉన్న పనికి ఖాళీ దొరికింది. కథానిలయమే పెట్టక్కర్లేదు. సర్వీసు నాలుగైదేళ్లు ఉందనగానే ఊరి లైబ్రరీ, పదో తరగతి పిల్లలకి లెక్కలు, మెళకువగా తోట పని, విజయనగరం సంగీత కళాశాల ఊరు కాబట్టి చిన్నప్పుడు వదిలేసిన పాట, ఏదో ఒకటి వారానికి ఒక పూట మొదలుపెట్టి చూడండి. నచ్చకపోతే మార్చుకోడానికి అప్పుడైతే టైముంటుంది, పక్కన జీతమూ ఉంటుంది. సీపీఎస్ వాళ్లకి ఇది మరీ అవసరం, ఎందుకంటే వాళ్లలో కొంతమంది రిటైరయ్యాక కూడా నాలుగు రూపాయలు సంపాదించాల్సి రావచ్చు, 62 నిండాక కొత్త పని నేర్చుకోవడం కంటే 57కి మొదలెట్టడం నయం.