భీమిలి పెంకుటిళ్లు ఒక్కొక్కటీ ఎందుకు పోతున్నాయి

భీమిలిలో మా వీధిలో మొన్న వేసవిలో ఇంకో పెంకుటిల్లు పడగొట్టేశారు. రెండు రోజుల్లో నేల చదునైపోయింది. వైజాగ్‌లో తెలిసినవాళ్లు చాలామంది నన్ను అడిగింది ఒకటే, డచ్ వాళ్ల కాలం నాటి ఇల్లు కదా, గవర్నమెంటు ఎలా ఊరుకుంది అని. అది డచ్ వాళ్లు కట్టిన ఇల్లు కాదు. భీమిలిలో పాతగా కనబడే ప్రతి గోడనీ డచ్ ఖాతాలో వేసేయడం మనకి అలవాటైపోయింది. ఆ ఇల్లు మనవాళ్లు, గోగునార వ్యాపారం బాగా నడిచిన రోజుల్లో, సొంత డబ్బుతో కట్టుకున్నది. గవర్నమెంటు ఎలా ఊరుకుంది అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు లేదు, ఊరి కథ మొదట్నుంచీ చెప్పుకోవాలి.

భీముడు బకాసురుణ్ణి చంపిన చోటు కాబట్టి భీమునిపట్నం అని పెద్దవాళ్లు చెబుతారు. ఊరి మీద ఉన్న పావురాలకొండ మీద బౌద్ధుల ఆనవాళ్లున్నాయి. 17వ శతాబ్దంలో డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీవాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు, మనవాళ్లు వాళ్లని ఒలందావాళ్లు అనేవారు. వాళ్ల గుర్తుగా మిగిలినవాటిలో ఎవరైనా వెళ్లి చూడగలిగేవి ప్రధానంగా సమాధులే. 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1861లో మున్సిపాలిటీ అయింది, దేశంలో మొట్టమొదటి మున్సిపాలిటీల్లో ఒకటి. ఇదంతా టూరిజం బోర్డుల మీద ఉంటుంది, కాబట్టి తొందరగా దాటేస్తున్నాను.

బోర్డుల మీద ఉండనిది గోగునార. మనం పచ్చడి చేసుకునే గోంగూర ఉంది చూడండి, ఆ జాతి మొక్క కాండం నుంచి తీసే నారే అది. ఉత్తరాంధ్ర పొలాల నుంచి బళ్ల మీద భీమిలికి వచ్చేది, ఇక్కడి నుంచి ఓడల్లో బయటి దేశాలకి పోయేది. ఆ నారకి ప్రపంచ మార్కెట్లో పేరే 'బిమ్లి జ్యూట్', వ్యవసాయ పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరు కనబడుతుంది. ఓడలు ఒడ్డుదాకా రాలేవు, దూరంగా లంగరేసుకుని నిలబడితే పడవల్లో సరుకు మోసి ఎక్కించేవారు. ఆ పడవలు నడిపినవాళ్లు, నార కట్టలు కట్టినవాళ్లు, గుమాస్తాలు, దలాలీలు, షావుకార్లు, అందరికీ ఇళ్లు కావాలి. గంటస్తంభం చుట్టుపక్కల, సముద్రం వైపు దిగే సందుల్లో ఉన్న పెంకుటిళ్లు చాలావరకు ఆ వ్యాపారం కట్టించినవే. పేదల ఇళ్లు వేరేగా ఉండేవి. మత్స్యకారుల పేటల్లో చుట్టిళ్లు, గుండ్రంగా మట్టిగోడ, పైన తాటాకు నేలకి దగ్గరగా దిగి ఉండేది. తుఫాను గాలికి మూల దొరకదు కాబట్టి అవి నిలబడేవి. అవి అందరికంటే ముందు పోయాయి, పక్కా ఇళ్ల పథకాలు వచ్చాక దాదాపు కనబడకుండా పోయాయి, వాటి కోసం ఎవ్వరూ బాధపడలేదు, వాటిని వారసత్వం అని అప్పుడూ అనలేదు ఇప్పుడూ అనడం లేదు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. 1890లలో పడిన రైలు మార్గం విజయనగరం మీదుగా పోయింది, భీమిలికి రాలేదు, ఈరోజుకీ లేదు. 1933లో విశాఖపట్నం హార్బరు తెరిచారు, ఓడలు నేరుగా లోపలికొచ్చి గట్టున ఆగే వీలు అక్కడ ఉంటే పడవల్లో సరుకు మోయించుకునే భీమిలికి ఎవరొస్తారు? వర్తకులు కొందరు విశాఖ వెళ్లిపోయారు. ఇళ్లు మాత్రం ఉండిపోయాయి. అవి ఇంతకాలం నిలబడటానికి అసలు కారణం ఇదే అని నా నమ్మకం. ఎవరో కాపాడితే మిగల్లేదు, పడగొడితే లాభం లేదు కాబట్టి మిగిలాయి. విశాఖలో షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు వచ్చి పాత ఇళ్లు మాయమవుతున్నప్పుడు, ఇక్కడ స్థలానికి రేటే లేదు. మా తాతగారికి స్లాబు వేసుకోవాలని చాలా కోరిక, చేతిలో డబ్బు లేక ఆగిపోయారు.

ఆ ఇళ్లల్లో బతుకు ఎలా ఉండేదో చూడనివాళ్లకి చెప్పాలి. వీధిలోకి ముందు అరుగు, తర్వాత వసారా, లోపల మండువా, వెనక పెరడు, పెరట్లో నుయ్యి. పక్కింటికీ మనకీ ఒకటే గోడ. వీధి పొడుగునా అరుగులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే ఎండాకాలం సాయంత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి మనిషి దిగకుండా నడిచి వెళ్లిపోవచ్చు, పిల్లలం అలాగే పరిగెత్తేవాళ్లం. మా అరుగుకి ఎడమ పక్క ఒక మూల అరిగిపోయి పల్లంగా ఉంటుంది. చేపలమ్మే ఆవిడ రోజూ గంప దించుకునే చోటు అది. ఆవిడకి ముందు వాళ్ల అత్తగారు అక్కడే దించేది. నెత్తళ్లు, కవళ్లు, దొరికిన రోజు కోనాం. "మామ్మా, నీళ్లియ్యి" అని అడిగి ఆవిడ చెంబుడు నీళ్లు తాగేది, వీధివీధంతా అక్కడికే వచ్చి బేరం చేసుకునేవారు. ఎవరింట్లోనైనా మనిషి పోతే బంధువులు దిగేది కూడా ఎదురింటి, పక్కింటి అరుగుల మీదే. అరుగు ఇంటివాళ్లదా వీధివాళ్లదా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. తర్వాత అడిగింది ప్లానింగ్ రూల్సు.

ఇల్లు పాడవడం మాత్రం పైనుంచి మొదలవుతుంది. గూనపెంకు కప్పుకి ఏటేటా వానలకి ముందు పెంకు సర్దించాలి. పగిలినవి తీసి, జారినవి ఎక్కించి, వాసాలకి చెద ఉందేమో చూసి, ఇద్దరు మనుషులు నాలుగైదు రోజులు చేసే పని. ఆ పని తెలిసినవాళ్లు ముసలివాళ్లైపోయారు, వాళ్ల పిల్లలు సెంట్రింగు పనికి, ఫ్యాక్టరీలకి వెళ్లిపోయారు. ఊరి పక్కన చిట్టివలస జూట్ మిల్లు కూడా 2009లో మూతపడింది, దానితో నారకీ ఊరికీ మధ్య ఆఖరి ముడి తెగిపోయింది, ఎన్నో కుటుంబాలకి నెల జీతం ఆగిపోయింది. కప్పు బాగుచేయించే డబ్బు ఎక్కడిది? ఒక ఏడు పెంకు సర్దకపోతే వాన వాసంలోకి దిగుతుంది, రెండో ఏడు గోడలోకి దిగుతుంది.

ఇంకో పొరపాటు మనమందరం చేశాం. పాత గోడలు సున్నంతో కట్టినవి, చెమ్మ పీల్చుకుని మళ్లీ వదిలేస్తాయి. మనం వాటి మీద గట్టిగా ఉంటుందని సిమెంటు పూత వేయించాం. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపల సున్నం పిండిలా రాలిపోయి, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. అప్పుడు మేస్త్రీ చూసి "గోడలో బలం లేదండి, పడగొట్టేయడమే మంచిది" అంటాడు. అలాగని స్లాబు ఇళ్లు సముద్రం పక్కన క్షేమంగా ఉంటాయా అంటే అదీ లేదు, ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కప్పు పెచ్చులూడుతుంది, బీచ్ వైపు చాలా ఇళ్లల్లో చూస్తున్నదే.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. ఆ రోజు రాత్రికి మా ఇంటి కప్పులో సగం పెరట్లో ఉంది. మా ఒక్కరిదే కాదు. తుఫాను తర్వాత ఊరంతా పెంకు కోసం వెతికింది, పాత సైజు గూనపెంకు చేసేవాళ్లు దగ్గర్లో దొరకలేదు. చాలామంది రేకులు వేసేశారు. రేకు వేసిన ఇల్లు మధ్యాహ్నం పూట ఉండలేనంత వేడి, దాంతో ఇంట్లో పిల్లలకీ ఆ ఇంటి మీద ప్రేమ పోయింది. భీమిలి పెంకుటిళ్ల కథని హుద్‌హుద్‌కి ముందు, తర్వాత అని రెండుగా చెప్పుకోవచ్చు.

ఇక వాటాలు. మా తాతగారి తరంలో ఇల్లు కొడుకులది. 1980లలో మన రాష్ట్రంలో, 2005లో దేశమంతటా చట్టం మారి ఆడపిల్లలకీ ఉమ్మడి ఆస్తిలో సమానవాటా వచ్చింది. అది న్యాయం, ఎప్పుడో రావాల్సింది. కానీ ఏడెనిమిది వాటాలున్న మండువా ఇంటిని పంచుకోవడం ఎలా? వసారా ఒకరికి, నుయ్యి ఒకరికి ఇవ్వలేం. బిల్డరు వచ్చి డెవలప్‌మెంటుకి ఇవ్వండి, తలా ఒక ఫ్లాటు అంటే అది లెక్కకి అందుతుంది. హైదరాబాద్‌లో ఒకరు, అమెరికాలో ఒకరు, అమ్మ ఒక్కతే ఇక్కడ ఉన్న కుటుంబానికి అంతకంటే గొడవ లేని దారి ఎవరూ చూపించలేదు. అమ్ముకున్నవాళ్లని తిట్టడం నాకు ఇష్టం లేదు.

స్థలం రేటు సంగతి అందరికీ తెలిసిందే. రుషికొండలో ఐటీ, బీచ్ రోడ్డు పొడుగునా రిసార్టులు, 2019 చివర్లో విశాఖ రాజధాని మాట, 2023లో భోగాపురం ఎయిర్‌పోర్టుకి శంకుస్థాపన. ఒకప్పుడు ఊరి చివర, ఇప్పుడు సిటీకీ ఎయిర్‌పోర్టుకీ నడుమ. దీనికి మధ్యలో 2013లో భీమిలి మున్సిపాలిటీని జీవీఎంసీలో, అంటే గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్‌లో కలిపేశారు. 152 ఏళ్లు సొంతంగా నడిచిన మున్సిపాలిటీ అది. పన్నుల గురించి అప్పుడు చాలా మాట్లాడుకున్నాం, మన సందులకి తగ్గ రూల్సు మనం రాసుకునే అవకాశం పోతోందని మాత్రం ఎవరం అనుకోలేదు.

రూల్సు దగ్గరే అసలు చిక్కు. ఇప్పటి భవన నిబంధనల ప్రకారం ఇల్లు కట్టాలంటే ముందు ఇంత, పక్కన ఇంత ఖాళీ వదలాలి. పాత ఇల్లు వీధి అంచున, ఉమ్మడి గోడతో ఉంటుంది. అంటే పాడైన పెంకుటిల్లుని మళ్లీ అదే రూపంలో కట్టుకుంటానన్నా మామూలుగా ప్లాను రాదు. రోడ్డు వెడల్పు అన్నప్పుడల్లా ఎర్రరంగు గీత ముందు అరుగు మీదే పడుతుంది. చట్టం దృష్టిలో అరుగు ఆక్రమణ.

మరి పాతవాటిని కాపాడే చట్టాలు లేవా? ఉన్నాయి. కేంద్రానిది 1958 నాటిది, రాష్ట్రానిది 1960 నాటిది. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించినదాని చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం కూడదు, దానికి అవతల ఇంకో 200 మీటర్లు అనుమతి కావాలి, 2010 సవరణతో ఇది గట్టిపడింది. కానీ ఇవన్నీ ఒంటరిగా నిలబడిన కట్టడం కోసం, మనుషులు కాపురం ఉంటున్న వీధి కోసం రాసినవి కావు. దగ్గర్లోనే చూడండి. తొట్లకొండ మీద బౌద్ధ ఆరామం 1976లో నేవీ సర్వేలో బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వి పైకి తీశారు, కొండని కాపాడుకునే పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. ఎర్రమట్టి దిబ్బల్ని 2014లో జియో హెరిటేజ్ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్లాయి. రెండూ సంతోషమే, రెండింటి కోసం గొంతెత్తినవాళ్లకి దండం పెట్టాలి. ఆ రెండు చోట్లా ఎవరి వంటిల్లూ లేదు, ఎవరి వాటా తగాదా లేదు. పాత ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఏ శాఖకీ ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియదు. భవన నిబంధనల్లో వారసత్వ కట్టడం ఉంచుకున్నవాళ్లకి టీడీఆర్ ఇచ్చే వీలుంది, కట్టుకోకుండా వదిలేసిన హక్కుని ఇంకోచోటికి అమ్ముకోవడం అన్నమాట, మంచి ఆలోచనే. అయితే ముందు ఆ ఇల్లు వారసత్వ కట్టడం అని గుర్తింపు పొందాలి. మా వీధి ఇళ్లకి ఆ గుర్తింపు లేదు, గంటస్తంభం తెలిసినంతగా ఊళ్లోవాళ్లకే మా సందు పేరు తెలియదు.

వీధి మొత్తాన్ని ఒకటిగా చూసిన చోటు ఒకటుంది, పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీధి. అక్కడ పాత కట్టడాల్ని కాపాడటానికి పనిచేసే ఇంటాక్ సంస్థ, స్థానిక ప్రభుత్వం, యూరోపియన్ యూనియన్ నిధులు కలిసి, ఇంటివాళ్లు కూడా కొంత ఖర్చు పెట్టుకుని, తమిళ ఇళ్ల ముఖాలన్నీ వరసగా బాగుచేశారు. 2008లో యునెస్కో అవార్డు వచ్చింది. వాళ్లు తిన్నై అంటారు, మన అరుగే. అరుగులు లేకపోతే ఆ వీధి ఆ వీధే కాదు. భీమిలికి కావలసింది ఆ వరసలో మొదటి అడుగు. ఏ సందులో ఎన్ని ఇళ్లున్నాయో, ఏవి నిలబడతాయో, ఎవరికి ఉంచుకోవాలని ఉందో అడిగి రాసుకునే ఒక జాబితా. ఇది ఇంజనీరింగు కాలేజీ పిల్లలు ఒక సెలవుల్లో చేయగలిగే పని. తర్వాత ఆ ఇళ్ల వరకు ముందు ఖాళీ వదలాలన్న రూలు సడలించాలి, పెంకు సర్దించుకోవడానికి ఏడాదికింత సాయం చేయాలి.

మా ఇల్లు ఇంకా ఉంది. డెవలప్‌మెంటు కాగితాలు రెండుసార్లు వచ్చాయి, పిన్ని సంతకం పెట్టలేదు, మిగిలిన వాటాదార్లు ఇప్పటికి ఊరుకున్నారు. వీధిలో ఏదైనా ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే పిన్ని ముందుగా నాకు ఫోను చేస్తుంది, "నాన్నా, పెంకు అమ్ముతారేమో కనుక్కో" అని. మొన్న పడగొట్టిన ఇంటి పెంకు అలాగే తెచ్చాం, ట్రాలీ ఆటోలో రెండు ట్రిప్పులు, సగానికి పైగా దించేలోపే పగిలిపోయాయి. మిగిలినవి నూతి పక్కన పేర్చి ఉన్నాయి. వానలకి ముందు కప్పు ఎక్కించాలి, పెంకు సర్దే మనిషి కోసం వెతుకుతున్నాం.