మిడి ఫైల్లో సౌండ్ ఉండదు: సాఫ్ట్‌వేర్ సింథ్‌ల గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన దసరా ముందు గాజువాక నుంచి ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు, వాళ్ల ఆర్కెస్ట్రాకి నేను చేసిచ్చిన మిడి ట్రాక్ ఉంది అందులో. "మాస్టారూ, మీ దగ్గర విన్నప్పుడు ఫ్లూట్ ఫ్లూటులాగే ఉంది, మా ఇంట్లో పెడితే పాత సెల్‌ఫోన్ రింగ్‌టోన్‌లా వస్తోంది, కాపీ చేసినప్పుడు ఫైలు పాడైపోయిందేటండి?" అన్నాడు. ఫైలు బాగానే ఉంది, ఒక్క బైటు కూడా తేడా లేదు. ఈ ప్రశ్న నన్ను ఇప్పటికి ఎంతమంది అడిగారో లెక్కలేదు. నేను విశాఖ ఎంవీపీ కాలనీలో కీబోర్డ్ నేర్పుతాను, ఆర్కెస్ట్రాలకీ చర్చి క్వయర్లకీ ట్రాక్‌లు ప్రోగ్రామింగ్ చేస్తాను, అందుకని రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా. వీటి వల్ల పిల్లల తల్లిదండ్రులు అనవసరంగా డబ్బు పోగొట్టుకోవడం చూసి నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: మిడి అంటే సైజు బాగా తగ్గించేసిన ఎంపీ3 లాంటిది, అందుకే క్వాలిటీ ఉండదు.

అస్సలు కాదు. ఎంపీ3లో రికార్డు చేసిన శబ్దం ఉంటుంది, మిడిలో శబ్దమే లేదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు (0 నుంచి 127 వరకు ఒక నంబరు), ఎప్పుడు వదిలారు, ఏ ఛానల్లో ఏ వాయిద్యం, పెడల్ తొక్కారా లేదా, ఇంతే ఉంటుంది. ఒక స్వరం మొదలవ్వడానికి మూడు బైట్లు చాలు. అందుకే నాలుగు నిమిషాల పాట సీడీ క్వాలిటీ వేవ్ ఫైలుగా పెడితే సుమారు 42 ఎంబీ అవుతుంది, అదే పాట మిడిలో మామూలుగా 100 కేబీ కూడా దాటదు. ఆ మెసేజ్‌లు చదివి శబ్దం పుట్టించేది సింథసైజర్. 1983 జనవరిలో అమెరికాలో నామ్ షో అనే సంగీత వాయిద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులు, సీక్వెన్షియల్ వాళ్ల ప్రాఫెట్-600, రోలాండ్ వాళ్ల జూపిటర్-6, ఒక కేబుల్‌తో కలిపి చూపించారు, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. మిడి పుట్టిందే దానికి, ఒక వాయిద్యం ఇంకో వాయిద్యానికి చెప్పుకునే మాట అది. ఇప్పుడు ఆ రెండో వాయిద్యం మన ల్యాప్‌టాప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్, దాన్నే సాఫ్ట్‌వేర్ సింథ్ అంటాం. ఒకే స్వరాల నోటుబుక్కు అయిదో క్లాసు పిల్ల ముందు పెట్టినా పెద్ద విద్వాంసురాలి ముందు పెట్టినా బుక్కు మారదు కదా, ఎవరు పాడారన్నది మారుతుంది. కుర్రాడి ఫ్లూట్ సంగతి అదే.

అపోహ: విండోస్‌లో డబుల్ క్లిక్ చేస్తే వినిపించేదే అసలు మిడి సౌండ్.

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్ అని ఒకటి ముందే ఉంటుంది. దానిలో సౌండ్లు రోలాండ్ దగ్గర లైసెన్స్ తీసుకున్నవి. అన్ని వాయిద్యాలూ, డ్రమ్స్‌తో సహా, నాలుగు ఎంబీ కూడా నిండని ఒకే ఒక్క ఫైల్లో కుక్కి పెట్టారు. ఎక్స్‌పీ కాలం నుంచి ఇప్పటి విండోస్ 11 దాకా అదే నడుస్తోంది. ర్యామ్ తక్కువగా ఉన్న రోజుల్లో అంత చిన్న ఫైల్లో అంత చేశారంటే అది గొప్ప పనే, దాన్ని తిట్టడం నాకిష్టం ఉండదు. కానీ అదే మిడి సౌండ్ అనుకుని వదిలేస్తే ఎలా?

ఇంకొంచెం పెద్దవాళ్లయితే తొంభైల నాటి కంప్యూటర్ గేముల టింగు టింగు శబ్దాన్ని గుర్తుపెట్టుకుని మిడి అంటే అదే అంటారు. అది 1987లో వచ్చిన యాడ్‌లిబ్ కార్డులో ఉన్న, రికార్డింగులు లేకుండా లెక్కలతోనే శబ్దం పుట్టించే యమహా ఎఫ్‌ఎం చిప్పు శబ్దం, తర్వాత సౌండ్ బ్లాస్టర్ కార్డుల్లో కూడా అదే చిప్పు పెట్టారు. 1994లో సౌండ్ బ్లాస్టర్ ఏడబ్ల్యూఈ32 వచ్చాక నిజమైన వాయిద్యాల రికార్డింగులని సౌండ్‌ఫాంట్ అనే ఫైల్లో పెట్టి కార్డు మెమరీలోకి ఎక్కించుకునే పద్ధతి మొదలైంది. అప్పట్లో కార్డు చేసిన పని మొత్తం ఇప్పుడు మామూలు ప్రాసెసర్ ఏమాత్రం శ్రమ లేకుండా చేసేస్తుంది.

కుర్రాడికి నేను చేసిందల్లా వర్చువల్‌మిడిసింథ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి, దానికి ఒక మంచి సౌండ్‌ఫాంట్ తగిలించి, ప్లేయర్ సెట్టింగ్స్‌లో మిడి అవుట్‌పుట్ అనే దగ్గర పాత సింథ్ బదులు దీన్ని ఎంచుకోవడం. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది, ఇన్‌స్టాల్ చేస్తారు, అవుట్‌పుట్ మార్చరు, ఏం తేడా లేదంటారు. లినక్స్ వాళ్లకి ఫ్లూయిడ్‌సింథ్ ఉంది, బొమ్మలూ బటన్లూ కావాలంటే దాని మీద క్యూసింథ్ వేసుకోవచ్చు. వీఎల్‌సీ ప్లేయర్‌కి కూడా సౌండ్‌ఫాంట్ ఎక్కడుందో చూపిస్తే చాలాచోట్ల మిడి వాయించేస్తుంది. మ్యాక్‌లో అయితే గ్యారేజ్‌బ్యాండ్‌లోకి ఫైలు లాగి పడేయండి చాలు.

అపోహ: సౌండ్‌ఫాంట్ ఎన్ని జీబీలైతే అంత బాగుంటుంది.

దీంట్లో సగం నిజం ఉంది. పియానో ఒక్కటే కావాలంటే పెద్దది మంచిదే, సాలమాండర్ గ్రాండ్ పియానో అని ఉచితంగా దొరుకుతుంది, యమహా సీ5 పియానోని 16 రకాల ఒత్తిళ్లతో రికార్డు చేశారు, మెల్లగా నొక్కితే ఒక రికార్డింగు, గట్టిగా నొక్కితే ఇంకోటి, విని తీరాలి. కానీ మొత్తం ఆర్కెస్ట్రా మిడి వాయించడానికి కావాల్సింది వాయిద్యాల మధ్య సమతూకం. ఎక్కడెక్కడివో సౌండ్లు తెచ్చి ఒకచోట పోగేసిన రెండు మూడు జీబీల ఫాంట్లలో ట్రంపెట్ చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, వయొలిన్ వినపడదు. సుమారు 30 ఎంబీ ఉండే జనరల్‌యూజర్ జీఎస్ చాలా పాటలకి వాటికంటే బాగా పలుకుతుందని నా అనుభవం, నా పిల్లలందరికీ ముందు అదే వేయిస్తాను. 140 ఎంబీ పైచిలుకు ఉండే ఫ్లూయిడ్ ఆర్3 కూడా నమ్మకమైనదే. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫాంట్ ఎక్కిస్తే సిస్టమ్ నత్తనడక నడుస్తుంది, ఎందుకంటే మామూలుగా ఫాంట్ మొత్తం ర్యామ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఎస్‌ఎఫ్3 అనే కుదించిన రకం డిస్కులో చోటు మిగులుస్తుంది కానీ లోడ్ అయ్యాక విప్పుకుంటుంది కాబట్టి ర్యామ్ పెద్దగా మిగలదు.

అపోహ: కీబోర్డ్ కలిపి వాయిస్తే శబ్దం లేటుగా వస్తోందంటే కంప్యూటర్ పాతదైపోయింది, కొత్తది కొనాలి.

ఒక తండ్రి పాపం, కూతురు కీబోర్డ్ వాయిస్తే శబ్దం ఆలస్యంగా వస్తోందని షాపుకెళ్తే ల్యాప్‌టాప్ మార్చమన్నారట. మార్చారు. కొత్తదాంట్లోనూ అంతే లేటు. అప్పుడు నా దగ్గరికొచ్చారు. పిల్ల వాయిస్తున్నది విండోస్‌తో వచ్చిన సింథ్ మీద, వింటున్నది బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో. ఆ సింథ్ ఫైళ్లు ప్లే చేసుకోవడానికే పనికొస్తుంది, లైవ్‌గా వాయిస్తే లేటు స్పష్టంగా తెలుస్తుంది, దాని మీద మామూలు బ్లూటూత్ ఇంకో వంద మిల్లీసెకన్ల పైనే కలుపుతుంది. ఏ ప్రాసెసర్ వచ్చినా ఏం చేస్తుంది?

లెక్క చూడండి. సింథ్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసి పంపిస్తుంది, ఆ ముక్కనే బఫర్ అంటారు. సెకనుకి 48,000 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన నంబర్ల) దగ్గర బఫర్ 256 శాంపిళ్లు పెడితే ఒక ముక్క 5.3 మిల్లీసెకన్లు, అదే 4096 పెడితే 85 మిల్లీసెకన్లు. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది కాబట్టి 5.3 అంటే స్పీకర్‌కి ఆరడుగుల దూరంలో కూర్చున్నట్టే, వేలికి ఏమీ తెలియదు. 85 అంటే తొంభై అడుగుల పైన, అక్కడి నుంచి ఎవరు వాయించగలరు? డ్రైవర్లో పట్టే టైము ఇంకొంచెం కలుస్తుందనుకోండి, అయినా అసలు సంగతి బఫర్ దగ్గరే ఉంది. ఆ పిల్ల ల్యాప్‌టాప్‌కి ఆసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేశాం, దాన్ని వాడుకునే సింథ్ ఒకటి పెట్టి బఫర్ 256 చేశాం, పది రూపాయలు ఖర్చు లేకుండా వైరున్న హెడ్‌ఫోన్ గుచ్చాం. పిల్ల మొహం అప్పుడు చూడాలి. బఫర్ మరీ తగ్గించి 64 పెడితే చిటపట శబ్దాలు వస్తాయి, అప్పుడు ఒక మెట్టు పెంచుకోవాలి, అదొక్కటీ ఎవరి సిస్టమ్‌లో వాళ్లు విని చూసుకోవాల్సిందే.

ఇంకొకటి, ఫైలు ప్లే చేసి వినడానికే అయితే ఈ గొడవేం అక్కర్లేదు. పాట మొత్తం ఒకేలా లేటయితే చెవికి తేడా ఏముంటుంది, బఫర్ పెద్దదే పెట్టుకోండి, హాయిగా చిటపటలు లేకుండా వస్తుంది.

అపోహ: సితార్ పెడితే బాంజో వస్తోంది, సింథ్‌లో బగ్ ఉంది.

బగ్ కాదు, లెక్క 1 నుంచా 0 నుంచా అన్నది తేడా. 1991లో వచ్చిన జనరల్ మిడి పట్టికలో 128 వాయిద్యాలు, సితార్ 105. లోపల వెళ్లే నంబరు సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి సితార్‌కి 104 వెళ్లాలి. సున్నా నుంచి లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌లో 105 కొడితే పక్కింటి బాంజో తలుపు తీస్తుంది. ఫ్లూట్ అడిగితే రికార్డర్ (ఇంకో రకం పిల్లనగ్రోవి) రావడం కూడా ఇదే.

అపోహ: మన సంగీతం మిడిలో పలకదు, గమకాలు రావు.

ఇది విన్నప్పుడు నాకు కోపం కాదు గానీ పట్టుదల వస్తుంది. జనరల్ మిడి పట్టికలో మనకి అన్యాయం జరిగిందన్నది నిజమే, సితార్ ఉంది, షెహనాయి ఉంది, వీణ లేదు, నాదస్వరం లేదు, మృదంగం లేదు, తబలా లేదు. కానీ గమకం రాదన్నది తప్పు. స్వరాన్ని పైకీ కిందకీ వంచే పిచ్ బెండ్ అనే మెసేజ్‌కి 16,384 మెట్లున్నాయి, మధ్యలో 8192. మామూలుగా దాని పరిధి పైకి రెండు అర స్వరాలు (కీబోర్డ్ మీద నల్లవాటితో సహా పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక అర స్వరం), కిందకి రెండు. అంటే ఒక్కో అర స్వరానికి 4096 మెట్లు, చెవి పట్టుకోలేనంత నునుపు. తోడిలో గాంధారం ఊపడానికి ఇది చాలదంటారా? చేతికి అలవాటవ్వాలి, అంతే.

పాడయ్యేది ఎక్కడంటే, కొందరు పెద్ద జారుల కోసం పరిధిని 12కి పెంచి ప్రోగ్రాం చేస్తారు, ఆ పరిధి మెసేజ్ పాట మొదట్లో ఒక్కసారే ఉంటుంది. మనం పాటని మధ్యలోంచి ప్లే చేస్తే కొన్ని ప్లేయర్లలో ఆ మెసేజ్ సింథ్‌కి చేరదు, అది రెండే అనుకుంటుంది, మధ్యమం నుంచి పై షడ్జం దాకా పోవాల్సిన జారు దారిలోనే ఆగిపోతుంది. అది విని గమకాలు రావంటారు. నేనైతే ప్రతి చరణం ముందు పరిధి మెసేజ్ మళ్లీ పెడతాను. పిచ్ బెండ్ ఛానల్ మొత్తానికి పడుతుంది కాబట్టి గమకం ఉన్న వాయిద్యాన్ని ఎప్పుడూ ఒంటరిగా ఒక ఛానల్లో ఉంచండి, అందులోనే కార్డ్స్ (రెండు మూడు స్వరాలు కలిపి) వాయించొద్దు.

వాయిద్యం లేదన్న దానికి కూడా దారుంది. పాలీఫోన్ అనే ఉచిత సౌండ్‌ఫాంట్ ఎడిటర్ ఉంది. మా వీధి చివర మృదంగం నేర్పే మాస్టారి చేత త, ది, తొం, నం ఒక్కోటి మూడు రకాల బలంతో వాయించి ఫోన్‌తో కాకుండా మంచి మైకుతో రికార్డు చేసి మెట్లకి అతికించాను. మధ్యాహ్నం బయట ఆటోల హారన్లు పడుతున్నాయని రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టాం, తెల్లారుజామున మూడయింది. ఆ ఫాంట్‌ని ఇప్పుడు నా ట్రాక్‌లన్నిటిలో వాడుతున్నా, విన్నవాళ్లు ఎవరు వాయించారని అడుగుతున్నారు.

అపోహ: మిడిలో శ్రుతి మారిస్తే సౌండ్ పాడవుతుంది, ఆడియో ట్రాకే నయం.

తిరగేసి చెప్పారు. ఆడియోని సాగదీస్తే గరగర వస్తుంది, మిడిలో స్వరం నంబరు మారుతుందంతే, సింథ్ కొత్తగా వాయిస్తుంది. గాయని గొంతు ఆ రోజు బాలేదు, అర శ్రుతి తగ్గించమంటుంది, రెండు నిమిషాల పని. స్టేజి మీద ల్యాప్‌టాప్ మొరాయిస్తుందని భయమైతే శ్రుతి, స్పీడు ఖాయం చేసుకున్నాక వేవ్ ఫైలుగా రెండర్ చేసి అది పట్టుకెళ్లండి, ఫ్లూయిడ్‌సింథ్‌లో పాట మొత్తం కొన్ని సెకన్లలో ఫైలుగా రాసేస్తుంది, నేనూ అదే చేస్తాను.

కాకపోతే ఒక జాగ్రత్త. జనరల్ మిడిలో పదో ఛానల్ డ్రమ్స్‌ది, అక్కడ నంబరు అంటే స్వరం కాదు, ఒక్కో నంబరు ఒక్కో డ్రమ్ము. 36 కిక్ (బేస్ డ్రమ్), 38 స్నేర్. పోయినేడు క్రిస్మస్‌కి ఒక క్వయర్ వాళ్లు నేనిచ్చిన ట్రాక్‌ని వాళ్లే ఒక శ్రుతి పెంచుకున్నారు, అన్ని ఛానళ్లూ కలిపి సెలెక్ట్ చేసి రెండు అర స్వరాలు పైకి జరిపారు, కిక్ పడాల్సిన ప్రతిచోటా స్నేర్ పడింది. రిహార్సల్లో బేస్ ఏమైపోయిందో తెలీక స్పీకర్ వైర్లు పీకి చూశారట, రాత్రి తొమ్మిదికి ఫోన్ చేశారు. ఫోన్లోనే పదో ఛానల్ ఒక్కదాన్నీ వెనక్కి రెండు జరిపించాను, స్పీకర్లోంచి కిక్ దబ్బుమని నాకు ఇటువైపు వినిపించింది.