తక్కువ కరెంటు ఆప్-ఆంప్‌తో వీడియో: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఉంటూ చుట్టుపక్కల పత్తి జిన్నింగ్ మిల్లులకు కెమెరా స్విచ్ పెట్టెలు చేసి ఇస్తుంటాను. నాలుగు పాత అనలాగ్ కెమెరాలు, ఒక తెర, ఒక బటను. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడవాలి కాబట్టి తక్కువ కరెంటు తీసుకునే ఆప్-ఆంప్‌లే (సిగ్నల్‌ను పెంచి ఇచ్చే ఐసీలు) వాడతాను. ప్రాజెక్టు కోసం నా దగ్గరకు వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా దాదాపు ఇవే అపోహలతో వస్తారు. వీటిలో రెండింటిని నేనూ ఒకప్పుడు నమ్మాను.

అపోహ: డేటాషీట్‌లో ఒక మిల్లీఆంపియర్ అని ఉంటే ఆ ఐసీ అంతే తీసుకుంటుంది.

అది ఊరికే కూర్చున్నప్పటి లెక్క. వీడియోలో తెలుపు స్థాయి 0.7 వోల్టులు. కేబుల్‌కు రెండు చివర్లా 75 ఓమ్‌లు ఉండటం వల్ల సగం పోతుంది కనుక ఐసీ రెట్టింపు, అంటే 1.4 వోల్టులు ఇవ్వాలి. మొత్తం 150 ఓమ్‌ల మీద అది 9 మిల్లీఆంపియర్లు దాటుతుంది. నలుపు సున్నా వోల్టుల దగ్గర ఉండే బోర్డులో, రాత్రి ఖాళీ యార్డు కంటే పగటి పత్తి కుప్పను చూపించడానికే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. మా మిల్లుల్లో తెర నిండా పత్తే మరి!

అపోహ: బ్యాండ్‌విడ్త్ (ఐసీ దాటించగల ఫ్రీక్వెన్సీల మేర) 5 మెగాహెర్ట్జ్ ఉంటే చాలు.

పీఏఎల్ అనే అనలాగ్ రంగుల వీడియో పద్ధతిలో రంగు 4.43 మెగాహెర్ట్జ్ మీద ప్రయాణిస్తుంది. ఆ వేగంలో రెండు వోల్టుల ఊపు ఇవ్వాలంటే స్లూ రేటు, అంటే అవుట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం, మైక్రోసెకనుకు 28 వోల్టులు కావాలి. కాలేజీ ల్యాబులో అందరం చేతులు కాల్చుకున్న 741 అనే ఆప్-ఆంప్‌కు ఉన్నది అర వోల్టు. తెలుపు నలుపుల మధ్య గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో), ఫేజ్ (అల సమయంలో ఎంత జరుగుతుందో) మారకుండా ఉండాలంటే ఇంకా చాలా మిగులు ఉండాలి. పీఏఎల్‌లో ఫేజ్ తప్పితే రంగు మారదు, వెలిసిపోతుంది. అందుకే చాలామంది తప్పును కెమెరా మీదకు నెట్టేస్తారు.

అపోహ: ఆపేసిన ఛానెల్ (ఒక్కో కెమెరా దారి) తెగిపోయినట్టే.

నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది ఇదే. నాలుగు ఆప్-ఆంప్‌ల అవుట్‌పుట్‌లను ఒక్కోదానికి 75 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఒకేచోట కలిపాను. డిజేబుల్ పిన్నుతో మూడింటిని ఆపి ఒకదాన్ని నడిపితే బొమ్మ కొంచెం మసక. ఐసీ మార్చాను, మళ్లీ మార్చాను, మసక అలాగే ఉంది. కాగితం మీద లెక్క వేశాక గానీ కళ్లు తెరుచుకోలేదు. ఐసీ నిద్రపోయినా దాని గెయిన్‌ను నిర్ణయించే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు నిద్రపోవు. ఒక్కో కిలో ఓమ్ చొప్పున రెండు రెసిస్టర్లు, వాటికి ముందు 75 ఓమ్‌లు, అక్కడి నుంచి గ్రౌండుకు. అలాంటి దారులు మూడు కలిస్తే సుమారు 690 ఓమ్‌లు. అది కేబుల్‌కు సమాంతరంగా కూర్చుని 5 శాతం తినేస్తోంది. 75 ఓమ్‌ల స్థానంలో 84.5 ఓమ్‌లు పెట్టి, గెయిన్‌ను 2.25 దగ్గరకు తెచ్చాక బొమ్మా సరిపోయింది, కేబుల్‌కు కనిపించే ఇంపెడెన్సూ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) మళ్లీ 75 దగ్గరకు వచ్చింది.

అవుట్‌పుట్‌లను నేరుగా కలిపి, అందరికీ ఒకే రెసిస్టర్ పెడితే ఈ నష్టం ఉండదు కదా అని అడుగుతారు. ఉండదు. కానీ మారే క్షణంలో రెండు ఛానెళ్లు ఒకేసారి మేల్కొంటే ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. విడివిడి రెసిస్టర్లు ఆ కుస్తీలో కరెంటును అదుపులో ఉంచుతాయి. నేను 5 శాతాన్ని సరిదిద్దుకోవడానికే ఓటేస్తాను.

అపోహ: ఊగిసలాట (అవుట్‌పుట్ తనంతట తానే ఊగడం) వస్తే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద చిన్న కెపాసిటర్ వేయాలి.

మామూలు ఆప్-ఆంప్‌కు సరే. ఫీడ్‌బ్యాక్‌ను వోల్టేజీగా కాక కరెంటుగా తీసుకునే కరెంట్ ఫీడ్‌బ్యాక్ రకానికి వేశారో, లేని ఊగిసలాట మొదలవుతుంది. దాని స్థిరత్వమంతా ఆ రెసిస్టర్ విలువ మీదే నిలిచి ఉంటుంది.

అపోహ: ఒకే కేబుల్ మీద వరుసగా తెరలు ఉంటే ప్రతి తెర దగ్గరా 75 ఓమ్‌లు పెట్టాలి.

చివరి తెర దగ్గర ఒక్కచోటే. రెండుచోట్ల పెడితే ఒక వోల్టు సిగ్నల్ 0.67కు పడిపోతుంది.

అపోహ: తెర మీద పాకే అడ్డపట్టీ కేబుల్ లోపం.

జిన్నింగ్ షెడ్డు ఒక ఎర్తు మీద, ఆఫీసు మరో ఎర్తు మీద ఉంటాయి. రెండింటి మధ్య తేడా కేబుల్ పైతొడుగు గుండా 50 హెర్ట్జ్ కరెంటుగా పారుతుంది. కెమెరా కూడా సెకనుకు 50 ఫీల్డులే (సగం బొమ్మలే) ఇస్తుంది, అయితే రెండు యాభైలూ అచ్చంగా ఒకటి కావు. ఆ చిన్న తేడా వల్లే పట్టీ మెల్లగా పైకో కిందికో జరుగుతుంది. కేబుల్ మార్చడం దండగ. లోపలి తీగకూ పైతొడుగుకూ మధ్య తేడాను మాత్రమే తీసుకునే రిసీవర్ కావాలి: ఒక ఆప్-ఆంప్, నాలుగు రెసిస్టర్లు.

ఇక్కడ ఖరీదైన ఐసీ కొని, రెసిస్టర్లు మాత్రం ఒక శాతం రకం వేస్తారు. వాటితో గెయిన్ ఒకటిగా ఉన్న రిసీవర్ హమ్‌ను (ఆ 50 హెర్ట్జ్ చొరబాటును) తగ్గించేది, మరీ చెడ్డ సందర్భంలో, 34 డెసిబెల్సే, అంటే 50వ వంతుకే. ఒక వోల్టు హమ్‌లో 20 మిల్లీవోల్టులు మిగిలిపోతాయి. 0.7 వోల్టుల తెలుపు మీద అది పట్టీగా కనిపిస్తుంది. 0.1 శాతం రెసిస్టర్లు వేస్తే మిగిలేది 2 మిల్లీవోల్టులే. అవి ఇక్కడ దొరక్కపోతే, ఆ నాలుగింటి కోసమే బస్సెక్కి హైదరాబాద్ కోఠీ దాకా వెళ్లిన రోజులు ఉన్నాయి.