ముందు 37, తర్వాత 50: వేడిని తట్టుకునే కణాల వెనక కథ

సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడుతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: 'ప్రాణులు మెల్లగా అలవాటు పడతాయిలే.' ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం ఇది నాలుగోసారి అని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ పరిశోధన సంస్థ నోవా ధ్రువీకరించింది. అలవాటు పడటమన్నది నిజంగా ఉంది. అది ఏ షరతు మీద జరుగుతుందో తెలియాలంటే అరవై ఏళ్ల వెనక్కి, ఒక ఈగ దగ్గరికి వెళ్లాలి.

ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచియో రిటోస్సా డ్రోసోఫిలా అనే, పండ్ల మీద వాలే చిన్న ఈగల లాలాజల గ్రంథుల్లోని క్రోమోజోములను మైక్రోస్కోపు కింద పరిశీలిస్తుండేవారు. ఒకసారి ల్యాబ్‌లో ఎవరో ఇన్‌క్యుబేటర్ వేడి పెంచేశారు. క్రోమోజోముల మీద అంతకుముందు లేని చోట్ల ఉబ్బులు తేలాయి. ఉబ్బు కనిపించిందంటే అక్కడి జన్యువు పనిలో దిగిందన్నమాట. ఇందులో పెద్ద విశేషమేమీ లేదని ఒక పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. చివరికి 1962లో మరో పత్రికలో అచ్చయింది. ఆ వేడికి పుట్టుకొచ్చే ప్రొటీన్లు 1974లో బయటపడ్డాయి. వాటినే హీట్ షాక్ ప్రొటీన్లంటున్నాం.

అవి నిజంగా ప్రాణం కాపాడతాయా? దీనికి గట్టి జవాబు ఈస్ట్ ఇచ్చింది. రొట్టె పొంగించే ఈస్ట్‌లో ఒక జన్యువును తీసేసి ఏమవుతుందో చూడటం తేలిక. 25 డిగ్రీల దగ్గర పెరిగిన ఈస్ట్‌ను నేరుగా 50 డిగ్రీల్లో పెడితే కణాలు వేగంగా చచ్చిపోతాయి. ముందు కాసేపు 37 దగ్గర ఉంచి, ఆ తర్వాత 50కి తీసుకెళ్తే చాలావరకు బతుకుతాయి. షికాగో విశ్వవిద్యాలయంలో సుసాన్ లిండ్‌క్విస్ట్, యోలాండా సాంచెజ్ హెచ్‌ఎస్‌పీ104 (హెచ్‌ఎస్‌పీ అంటే హీట్ షాక్ ప్రొటీన్) అనే ఒక్క జన్యువును తీసేసి ఇదే ప్రయోగం చేశారు. ఆ కణాలు మామూలుగానే పెరిగాయి. కానీ 37 దగ్గర ముందస్తు వేడి చూపించినా 50 దగ్గర నిలవలేకపోయాయి. ఇది 1990 నాటి మాట. వేడికి ప్రొటీన్లు ఉడికిన గుడ్డు తెల్లసొనలా ముద్దకడతాయి. హెచ్‌ఎస్‌పీ104 జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఆ ముద్దను విడదీసి ప్రొటీన్లను మళ్లీ పనిలోకి తెస్తుందని 1994లో అదే బృందం చూపించింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ ఇదే మలుపు. 1996లో ఈస్ట్ జన్యుపటం పూర్తిగా చేతికొచ్చాక, వేడి, ఉప్పు, విషపదార్థాలు ఇలా ఏ ఒత్తిడి వచ్చినా కదిలే ఉమ్మడి జన్యువులు వందల్లో ఉన్నాయని తేలింది.

అయితే ఈస్ట్ పాఠాన్ని యథాతథంగా సముద్రజీవులకు అంటగట్టకూడదు. జంతువులకు హెచ్‌ఎస్‌పీ104 లేదు. హెచ్‌ఎస్‌పీ70, దాని తోడు ప్రొటీన్లు కలిసి ఆ పనిని కొంతవరకు చేస్తాయి. పైగా ఏ ప్రాణికి ఎంత సత్తా ఉందన్నది అది పుట్టిపెరిగిన నీటిని బట్టి ఉంటుంది. అలలు వెనక్కి తగ్గినప్పుడు ఎండలో మాడే ఒడ్డు ఆల్చిప్పల్లో వేసవిలో హెచ్‌ఎస్‌పీ70 పెరగడం గ్రెచెన్ హాఫ్‌మన్, జార్జ్ సొమేరో చూశారు. అంటార్కిటికా చేపల సంగతి పూర్తిగా వేరు. సున్నాకు దిగువన, ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉండే నీటిలో బతికే ట్రెమటోమస్ చేపను వేడి చేసినా హీట్ షాక్ ప్రొటీన్లు పెరగలేదని హాఫ్‌మన్ బృందం 2000లో ప్రకటించింది. లక్షల ఏళ్లుగా అవసరం రాలేదు, ఆ స్పందనే పోయింది. అలాంటి చేపకు 'అలవాటు పడు' అని చెప్పడంలో అర్థం లేదు.

పగడాలు ఈ రెండింటికీ మధ్యన ఉన్నాయి. అమెరికన్ సమోవాలోని ఒఫు దీవిలో ఆటుపోట్ల మధ్య 34 డిగ్రీలు దాటే మడుగులున్నాయి. అక్కడ పెరిగిన పగడాల్లో హీట్ షాక్ ప్రొటీన్ల జన్యువులు సహా పదుల కొద్దీ జన్యువులు వేడి రాకముందే ఎక్కువ స్థాయిలో పనిచేస్తున్నాయని 2013లో డేనియల్ బార్షిస్, స్టీఫెన్ పలుంబి బృందం కనుగొంది. చల్లటి మడుగు పగడాలను ఈ వేడి మడుగులోకి మారిస్తే రెండేళ్లలోపే వాటి ఓర్పు గణనీయంగా పెరిగింది. ఆశ పెట్టుకోదగ్గ ఫలితమే ఇది.

కానీ ముందు కొంచెం వేడి, తర్వాత ఎక్కువ వేడి అన్న వరసలో మధ్య విరామం పగడాలకు ఎంత ముఖ్యమో ఆస్ట్రేలియా తీరంలోని పగడాల దిబ్బ గ్రేట్ బారియర్ రీఫ్‌లో తేలింది. అక్కడ నీరు ముందు కొంచెం వేడెక్కి, కొన్ని రోజులు చల్లబడి, ఆ తర్వాతే ప్రమాదస్థాయి దాటేది. ఆ మొదటి వేడే పగడాలను సిద్ధం చేసేది. గతంలో వేడి తాకిడి వచ్చిన సందర్భాల్లో సుమారు 75 శాతం ఇలాగే నడిచాయని ట్రేసీ ఐన్స్‌వర్త్ బృందం 2016లో లెక్కతేల్చింది. నీటి ఉష్ణోగ్రత ఇంకో అర డిగ్రీ పెరిగితే అది 22 శాతానికి పడిపోతుంది. అప్పుడు మొదటి వేడే ప్రమాదస్థాయిని దాటేస్తుంది, మధ్యలో కోలుకునే రోజులు ఉండవు.